కాయగదికి గడప లేదు

గోడ నిలబడుతుందా పడిపోతుందా అని మిమ్మల్నెవరైనా అడిగితే ముందు గోడ చూడకండి. కప్పెక్కి, వాన నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఎప్పుడైనా మా ఇంటికొస్తే నేను చెప్పే మాట ఇదొక్కటే. ఈ మాత్రం దానికా ఇంత దూరం వచ్చాం అన్నట్టు మొహాలు పెడతారు. కాఫీ తాగి, ఫోన్లు చూసుకుంటూ వెళ్ళిపోతారు. వాళ్ళకి చెప్పాల్సింది ఇంకోటి కూడా ఉంది. అది ఒక్క ముక్కలో చెప్పడం నాకు చేతకాదు. అందుకని రెడ్డిగూడెం అవతల మామిడితోటలో ఉన్న రాతి మకాం సంగతి మొత్తం రాస్తున్నాను. ఓపికుంటే చదవండి, లేకపోతే లేదు.

నూజివీడులో భవనాల ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. స్కూలు గదులు, ఆసుపత్రి మరమ్మతులు మా అసలు పని. ఏ పాత ఇల్లయినా మనుషుల మీద పడేలా ఉందని పంచాయతీ వాళ్ళు రాస్తే, వెళ్ళి చూసి ఉంచొచ్చో కూల్చాలో చెప్పడం కూడా మా నెత్తినే ఉండేది. నా నోరు మంచిది కాదని ఆఫీసంతా పేరు. తప్పుడు రిపోర్టు రాయమంటే ఎవరినైనా కడిగేసేవాణ్ణి. పురోహితుల ఇంట్లో పుట్టిన పాపానికి వెనకాల అందరూ నన్ను పంతులుగారు అనేవాళ్ళు. కొందరు ఎదురుగానే అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

రిటైర్మెంటు దగ్గరపడిన ఆ ఏడు, వానాకాలం సగంలో, పంచాయతీ నుంచి ఒక కాగితం వచ్చింది. తోటలో పాత రాతి మకాం, తూర్పు గోడకి పొట్ట వచ్చింది, పక్కనే కూలీలు నడిచే దారి, ఏం చెయ్యమంటారు అని. నేనూ, మా అసిస్టెంట్ ఇంజనీరూ జీపులో వెళ్ళాం. ఆ అమ్మాయిది చాట్రాయి. మామిడితోటల్లో పుట్టి పెరిగింది. పని బాగా చేస్తుంది, దానికి రెండింతలు మాట్లాడుతుంది.

జీపు దిగి ఆ ఇల్లు చూడగానే ఆ అమ్మాయి కూడా నోరు మూసుకుంది. సినిమాల్లో చూపించే దివాణం లాంటిది కాదు. కాయ కాపలాకీ, కోతలకీ తోట మధ్యలో కట్టుకున్న ఇల్లు, వెడల్పుగా, పొట్టిగా. ఇప్పుడున్న రైతు ముత్తాత కట్టించాడట. దగ్గర్లో కొండ నుంచి రాయి తోలించి, గానుగ సున్నంతో పేర్పించాడు. మేస్త్రీలు ఏ ఊరి వాళ్ళో ఎవరికీ తెలీదు. ఒక్క రాయి కూడా నున్నగా చెక్కినది కాదు. అయినా ఏ రెండు రాళ్ళ మధ్యా చెయ్యి దూరే సందు లేదు. మనిషి పడుకోవచ్చు గోడ మందంలో. ముందు రాతి స్తంభాల వరండా, దాని వెనక నాలుగు గదులు, పైన టేకు దూలాల మీద ఇటుకా సున్నం వేసి దిమ్మిస కొట్టిన కప్పు. కప్పు వాలు మొత్తం తూర్పుకి. వాన నీళ్ళు అక్కడ చేరి, గోడలోంచి బయటికి చాచిన రాతి తూములోంచి దూరంగా పడాలి. తూము చివర గోడకి మూరెడు బయటికుంది, ఒక్క చుక్క రాయికి తగలకుండా. కట్టినవాడు ఎవడో గాని బుద్ధిమంతుడు.

తూర్పు కొసన ఉన్న గది కాయగది. అంటే చిన్నరసాలూ బంగినపల్లీ వరిగడ్డిలో పేర్చి మగ్గబెట్టే గది. కిటికీల్లేవు. చీకటిగా, చల్లగా ఉండాలి కదా. ఇంట్లోకి తెరుచుకునే తలుపు కూడా లేదు. వరండా చివర్నుంచి ఒక పొట్టి వాకిలి ఉంది, మనిషి బాగా వంగితే గాని పట్టదు. కాయల గంపలు అందులోంచి లోపలికి లాగుతారు. ఏళ్ళ తరబడి పండిన పళ్ళ వాసన ఆ రాళ్ళకి పట్టేసింది. కోతలు అయిపోయి నెలలు దాటినా బయట నిలబడితేనే తెలుస్తోంది.

పొట్ట వచ్చింది సరిగ్గా ఆ కాయగది గోడకే. ఇలాంటి రాతి గోడ ఒక్కటే గోడ కాదు, రెండు. బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో చిన్న రాళ్ళూ సున్నమూ కూరతారు. అక్కడక్కడ పొడుగు రాళ్ళు అడ్డంగా పెట్టి రెండింటినీ కలుపుతారు. మధ్యలోకి నీళ్ళు దిగితే కూరిన సరుకు నాని ఉబ్బి, బయటి వరసని తోస్తుంది. ఒక్క బయటి వరసే తోసుకొచ్చిందా, ఇల్లు బతుకుతుంది. దాన్ని విప్పి మళ్ళీ పేర్చుకోవచ్చు. లోపలి వరస కూడా కదిలిందా, ఇక కూల్చడమే. తేలాలంటే లోపలికెళ్ళి, దారానికి కట్టిన తూకం గుండు వేలాడదీసి, గోడ నిలువుగా ఉందో లేదో చూడాలి.

"తలుపు తియ్యండి, లోపల చూడాలి" అన్నాను రైతుతో.

ఆయనకి యాభై లోపే ఉంటాయి. మొహంలో నెత్తురు లేదు. తల దించుకుని నిలబడ్డాడు. అప్పుడు చూశాను, సింహద్వారానికి తాళం, తాళానికీ కాయగది వాకిలికీ అడ్డంగా తుమ్మకంప. నాకు వేరే చెప్పక్కర్లేదు. పురోహితుడి కొడుకుని కదా.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కొన్ని నక్షత్రాల్లో మనిషి పోతే ఆ ఇల్లు కొన్ని నెలలు విడిచిపెట్టాలంటారు. తాళం వేసి, కంప కొట్టి, ఎవరూ అడుగుపెట్టకూడదు. దీపం లేదు, పొయ్యి లేదు, చీపురు లేదు. కాదని ఉంటే అదే ఇంట్లో ఇంకో మనిషి పోతారని భయం. ఆ ఇంటి పెద్దాయన కాయ కోతలు అయిన వెంటనే, ఆ ఇంట్లోనే, శతభిషంలో పోయాడు. ఆరు నెలలు అన్నారట. వానలు మొదలయ్యే ముందు మూసిన ఇల్లు.

ఇంకేం కావాలి గోడకి రోగం రావడానికి? ప్రతి వానకీ ముందు ఆ పెద్దాయన నిచ్చెనేసుకుని కప్పెక్కి, తూములో పడ్డ మామిడాకులు తీసేవాడట. ఈ ఏడు ఎక్కేవాడు లేడు. ఎక్కగలిగిన వాళ్ళకి ఎక్కే వీల్లేదు.

కుటుంబమంతా కాయలు ప్యాకింగ్ చేసే రేకుల షెడ్డులో ఉంటున్నారు. మకాంకి తూర్పున, కాస్త దూరంలో ఉంది ఆ షెడ్డు. మూడు పక్కలా రేకులు, పడమటి పక్క మాత్రం తెరిచి ఉంటుంది. మధ్యాహ్నం తిరిగితే ఎండంతా లోపలే. ప్లాస్టిక్ ట్రేలు పేర్చి గదుల్లాగా చేసుకున్నారు. ఆ వాకిట్లో నులకమంచం మీద పెద్దావిడ కూర్చుని ఉంది, చనిపోయినాయన భార్య. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎదురుగా ఉన్న ఇంటినే చూస్తోంది. ఆవిడ కోడలు మాకు మజ్జిగ తెచ్చిచ్చింది.

"నువ్వు చెప్పేది అర్థమైంది గాని బాబూ, తలుపు మాత్రం తియ్యను" అంది పెద్దావిడ.

"పడిపోతుందమ్మా ఇల్లు" అన్నాను.

"పడిపోనీ. ఇల్లు పోతే ఇంకోటి కడతాం. మా వాడు పోతే?"

తండ్రి దినాలైన మర్నాడే కొడుక్కి గుండెనొప్పి వచ్చిందట. బెజవాడ తీసుకెళ్ళి స్టెంట్లు వేయించుకొచ్చారు. అప్పట్నుంచీ ఆవిడ లెక్క ఒకటే. నక్షత్రం ఇంకో మనిషిని అడుగుతోంది, అడిగేది తన కొడుకునే. కోడలు మాత్రం గ్లాసులు తీసుకుంటూ నెమ్మదిగా అంది: "మావయ్యగారు ప్రాణం పెట్టుకున్న ఇల్లండీ. ఆయన పోయి నాలుగు నెలలు కాకుండానే అది కూడా పోతే, ఈయన తట్టుకోలేరు. అది మాత్రం ఎవరూ ఆలోచించట్లేదు."

సరిగ్గా అప్పుడే మా చాట్రాయి అమ్మాయి నోరు జారింది. "మా సార్ వాళ్ళ నాన్నగారు పెద్ద పురోహితులండీ. ఇలాంటివన్నీ ఆయనే చెప్పేవారట."

పెద్దావిడ మంచం మీంచి లేచింది. నా ముందుకొచ్చి చేతులు పట్టుకుంది. "ఆ మాట ముందు చెప్పరే? అయితే మీరే చెప్పండి బాబూ. తియ్యొచ్చంటే ఇప్పుడే తీస్తాను. మీ నోటితో ఒక్కమాట అనండి."

తియ్యొచ్చు అనడం ఒక్క క్షణం పని. రేపు ఆ కొడుక్కి ఏదైనా అయితే? ఆవిడ ఉన్నన్నాళ్ళూ నా మాట వల్లే అనుకుంటుంది. అప్పుడు నేనూ అనుకుంటానేమో, ఎవరు చూడొచ్చారు? "నాకు పంచాంగం రాదమ్మా. వచ్చిందల్లా గోడలే" అని విదిలించుకుని వచ్చేశాను. బయటి నుంచి గోడకి ఊతంగా సరుగుడు దుంగలతో పోటీలు పెట్టించమనీ, కూలీల దారి మార్చమనీ మాత్రం చెప్పాను.

తిరుగుదారిలో ఆ అమ్మాయి మీద విరుచుకుపడ్డాను. "నా కులగోత్రాలు అక్కడ చదవమని ఎవరు చెప్పారు నీకు?"

"సారీ సార్" అని కాసేపు బుంగమూతి పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత తనే మొదలెట్టింది. "మా పెద్దమ్మ వాళ్ళిల్లు కూడా ఇలాగే మూశారు సార్. మళ్ళీ తీసేసరికి దూలాలన్నీ చెద. ఇంట్లో పొగ లేక, మనిషి లేక. నక్షత్రం సంగతి ఏమో గాని, ఆ ఇల్లయితే చచ్చిపోయింది." నా వైపు తిరిగి, "మీ నాన్నగారు ఏం చెప్పేవారు సార్ ఇలాంటప్పుడు?" అంది.

చెప్పాను. ఎందుకో ఆ రోజు చెప్పాలనిపించింది. మా నాన్నగారు చావింటికి వెళితే వెంటనే పంచాంగం తియ్యరు. కూర్చుంటారు. మంచినీళ్ళు అడుగుతారు. ఇల్లంతా ఒకసారి చూస్తారు, ఎన్ని గదులు, ఎంతమంది పిల్లలు, విడిచిపెడితే వెళ్ళడానికి ఇంకో చోటుందా అని. అప్పుడు ఆ ఇంటి ఆడవాళ్ళ వైపు తిరిగి అడుగుతారు. ఎన్నింటికి పోయారు అని అడగరు. "ఇంట్లోకి ఎండొచ్చాకే కదమ్మా?" అంటారు. లేదా, "దీపాలు పెట్టకముందే కదా?" అంటారు. ఆ రోజు నక్షత్రం ఎప్పుడు మారుతుందో ఆయన మనసులో ముందే ఉంటుంది. ఏడుస్తున్న మనిషి ఏం చేస్తుంది, అవునండీ అంటుంది. వెళ్ళడానికి చోటు లేనివాళ్ళు ఎవరూ మా నాన్నగారి చేతిమీదుగా ఇల్లు విడిచింది నేను చూడలేదు. నేను ఇంజనీరింగ్ చదువుతున్న రోజుల్లో ఒకసారి నిలదీశాను, ఇది మోసం కాదా అని. ఆయన కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు.

"మీ నాన్నగారు చాలా మంచోరు సార్" అంది ఆ అమ్మాయి.

"అబద్ధాలకోరు" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆఫీసులో మా పై అధికారి విషయం విని నవ్వాడు. "డేంజరస్ అని రాసి పడెయ్యవయ్యా. కూల్చేస్తే ఎవరూ మనల్ని అడగరు. ఉంచమని రాసి రేపు ఎవడి మీదైనా పడిందనుకో, నీ పెన్షన్ సంగతేంటి?" పిల్లలూ, ఈ మాట మీరూ వింటారు. అందులో అబద్ధం కూడా లేదు. కూల్చమన్న ఇంజనీరుని ఎవరూ ఎప్పుడూ తప్పుపట్టలేదు. కానీ లోపలి వరస చూడకుండా కూల్చమని ఎలా రాస్తాను? రోగి నాడి చూడకుండానే పోయాడని రాసినట్టు. కొంచెం గడువిమ్మన్నాను. గొణుక్కుంటూ ఇచ్చాడు.

ఆ గడువులోనే అల్పపీడనం పట్టింది. తెరపి లేని వాన. రెండో రోజు పొద్దున కోడలు ఫోన్ చేసింది. "గోడలోంచి నీళ్ళు కారుతున్నాయండీ. పైనుంచి కాదు, రాళ్ళ సందుల్లోంచి. ఇందాక ఒక రాయి ఊడి పడింది."

నేనూ, మా చాట్రాయి అమ్మాయీ వెళ్ళేసరికి తోటలో మోకాలి లోతు బురద. పోటీలు పెట్టిన గోడ ఊట చెలమలా కారుతోంది. పైన తూములోంచి మాత్రం ఒక్క చుక్క లేదు. అంత వానకి ఒక్క చుక్క! రైతు గొడుగు కూడా లేకుండా తడుస్తూ గోడకేసి చూస్తున్నాడు. భార్య చెయ్యి పట్టుకు లాగుతున్నా కదలడు. గుండె జబ్బు మనిషి, ఒళ్ళంతా వణుకుతున్నాడు.

షెడ్డులోంచి పెద్దావిడ బయటికొచ్చింది. నెత్తిన ఎరువు బస్తా గోతం కప్పుకుంది. ముందు కొడుకుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చింది.

"నీకు ఏం చూడాలి బాబూ?"

"ఆ గోడ లోపలి మొహం చూడాలమ్మా."

"అంటే కాయగది గోడేగా?"

"అవును."

"కాయగదికి గడప లేదు" అంది ఆవిడ.

నాకు మొదట అర్థం కాలేదు. ఆవిడే విడమరిచింది. "గంపలు లాగడానికి అడ్డమని మా మావగారి నాన్న నాడే గడప పెట్టలేదు. గడపుంటేగా పసుపు రాసేది? అందులో ఎవరం పొయ్యి పెట్టలేదు, పడుకోలేదు, దీపం వెలిగించలేదు. గడప లేనిది ఇల్లెట్టా అవుద్ది? అది కాయల కొట్టు. ఇల్లు మూయమన్నారు గాని కొట్టు మూయమన్నారా?"

"మరి కప్పెక్కాలి కదా మామ్మగారూ, ఆకులు తియ్యాలి" అంది మా అమ్మాయి.

"కాయగది మీద కప్పు కాయగదిది కాదూ? నిచ్చెన బయట్నుంచే వేసుకో."

ఇంత కష్టంలోనూ నాకు నవ్వొచ్చింది. శాస్త్రాన్ని అంత చక్కగా వంచడం మా నాన్నగారికి కూడా చేతనయ్యేది కాదు. "అయితే నేను వెళతాను" అని టార్చీ తూకం గుండూ తీసుకున్నాను.

"ఆగు. ముందు నేను."

"అమ్మా!" అన్నాడు కొడుకు.

"నువ్వు అక్కడే ఉండు. ఆ చెట్టు దాటి ఒక్క అడుగు వేశావంటే నా మీద ఒట్టే" అని అరిచింది. ఆ గొంతుకి అందరం బెదిరిపోయాం.

"గోడ మీద పడుతుందమ్మా, మీరొద్దు" అన్నాను.

"పడితే నామీదే పడుద్ది. నేను ముందు వెళ్ళాక నువ్వు రా."

అప్పుడు తెలిసింది నాకు. గడప లేదన్న మాట మమ్మల్ని లోపలికి పంపడానికి చెప్పింది. తను మాత్రం దాన్ని నమ్మలేదు. నమ్మలేదు కాబట్టే ముందు వెళుతోంది. మూసిన ఇంట్లోకి మొదట అడుగుపెట్టిన మనిషి తనైతే, అడిగే నక్షత్రం ఏదో తననే అడుగుతుందని. డెబ్భై దాటిన మనిషి, నడుం వంగదు. అడ్డంగా ఉన్న కంప పక్కకి లాగి, ఆ పొట్టి వాకిట్లో బురదలో మోకాళ్ళ మీద పాకుతూ లోపలికెళ్ళింది. నా సర్వీసులో ఎన్నో పాత భవనాల్లోకి వెళ్ళాను. ఇంత ధైర్యంగా వెళ్ళిన మనిషిని మాత్రం చూడలేదు.

వెనకాలే నేనూ దూరాను. లోపల చీకటి, తడి సున్నం వాసన, దాని కింద పళ్ళ వాసన. పైన దూలానికి మేకు కొట్టి గుండు వేలాడదీశాను. ఊగడం ఆగేదాకా టార్చి పట్టుకుని నిలబడటం, అదొక నరకం. ఆగింది. దారానికీ రాయికీ మధ్య సందు పైనా కిందా మధ్యలో ఒక్కటే. ఇంకో చోట చూశాను, మూడో చోట చూశాను. లోపలి వరస వెంట్రుక వాసి కదల్లేదు. సుత్తితో తట్టాను. గట్టి రాయి గొంతే పలికింది.

"బాగుందమ్మా! ఇల్లు బాగుంది!" అని గట్టిగా అరిచాను. బయట కోడలు ఏడవడం వినపడింది.

అంతలో, నిచ్చెనేసుకుని కప్పెక్కిన మా చాట్రాయి అమ్మాయి పైనుంచి కేకేసింది. పుల్లలూ, మట్టీ, కుళ్ళిన మామిడాకులూ చాప మందాన పట్టి ఉన్నాయట తూము నోట్లో. చేతులతోనే పెరికింది. దబ్బున నీళ్ళు తూములోంచి దూకిన చప్పుడు రాళ్ళలోంచి మాదాకా వచ్చింది.

"పదండమ్మా, వెళదాం" అన్నాను. ఆవిడ కదల్లేదు. పాత గడ్డి మీద చతికిలబడి గోడకి చెయ్యి ఆనించి కూర్చుంది.

"ఆయన రోజూ వచ్చి కాయలు తిరగేసేవాడు ఇక్కడ. ఏ పండు ఏ పూటకి వస్తుందో చేత్తో పట్టుకుంటే తెలిసేది ఆయనకి. ముందు పండినది నాకు తెచ్చిచ్చేవాడు." నా మొహంలోకి చూసింది. "చూశావుగా బాబూ. మావాడు లోపలికి రాలేదు. నేనే వచ్చా. ఎవరు అడిగినా అదే చెప్పు."

చెబుతానన్నాను.

మరమ్మతు చేసి ఉంచవచ్చు అని రిపోర్టు రాశాను. బయటి వరస విప్పి అవే రాళ్ళతో, అదే సున్నంతో మళ్ళీ పేర్చాలి. దానికి ఇల్లు లోపల నుంచీ బయట నుంచీ తెరిచి ఉండాలి, చలికాలం, ఎండాకాలం రెండూ కావాలి. ఆరు నెలల గడువు తీరగానే మొదలుపెట్టాలి, మళ్ళీ వానల్లోపు ముగించాలి. ఆ పోటీలు ఇంకో వానాకాలం ఆపలేవు. ఇదంతా రాసి సంతకం పెట్టాను. మా పై అధికారి మొహం మాడ్చుకున్నాడు గాని పంపించాడు.

కొడుకు కోలుకున్నాడు. మొహంలోకి రంగు వచ్చింది. సున్నం గానుగ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడానికి హనుమాన్ జంక్షన్ దాకా తనే మోటారు సైకిలు మీద తిరుగుతున్నాడని కోడలు చెప్పింది. పెద్దావిడకి మాత్రం ఆ వానలో పట్టిన ఆయాసం వదల్లేదు. ఆసుపత్రికి రమ్మంటే, ఇల్లు తెరిచాక వెళదాం అనేదట.

ఆరు నెలల గడువు ఇంకా కొద్దిరోజులుందనగా ఒక పొద్దున కోడలి నుంచి మళ్ళీ ఫోన్. "అత్తయ్య వెళ్ళిపోయారండీ." అంతే చెప్పింది. మా చాట్రాయి అమ్మాయిని తీసుకుని వెళ్ళాను.

షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో చుట్టాలు. నులకమంచం మీద ఆవిడ. కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఏడుపు కంటే వాదనే ఎక్కువ వినపడుతోంది. ఆ రోజు పొద్దెక్కేదాకా రేవతి ఉంది. అదీ విడవాల్సిన నక్షత్రమే. ఆ తర్వాత అశ్విని, దానికి ఏ దోషం లేదు. రాత్రంతా ఆయాసంతో ఉన్న మనిషి పొద్దున ఏదో వేళ పోయింది. రేవతిలో పోయిందా, అశ్వినిలోనా? రేవతి అయితే షెడ్డూ విడవాలి, ఇల్లూ తెరవకూడదు, మళ్ళీ నెలలకి నెలలు అంటున్నాడు ఒక పెద్దమనిషి. ఒకే ఏట రెండు చావులు, ఇంక ఆ ఇంటి జోలికి పోవద్దంటున్నాడు ఇంకొకాయన. వాళ్ళ పురోహితుడు ఫోన్లో స్పీకర్ మీద ఉన్నాడు. "సమయం సరిగ్గా చెప్పండి, చెబుతాను" అంటున్నాడు పదే పదే.

సమయం తెలిసిన మనిషి ఒక్కతే, కోడలు. పక్కన ఉన్నది ఆమే. ఎవరు అడిగినా మాట్లాడకుండా నిలబడి ఉంది. నేను వెళ్ళగానే నావైపు తిరిగింది. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

"మీరు అడగండి" అంది, అందరికీ వినపడేలా. "మీ నాన్నగారు అడిగినట్టు."

నేను మా అమ్మాయి వైపు చూశాను. తల దించుకుంది. చెప్పేసిందన్నమాట, వాగుడుకాయ. నేను జీపులో చెప్పిందంతా ఈ ఇంట్లో చెప్పేసింది. ఎన్నడూ లేనిది, నాకు కోపం రాలేదు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మంచినీళ్ళు అడిగాను. ఎవరో తెచ్చిచ్చారు. తాగుతూ చూశాను. దుంగల మీద ఒరిగి నిలబడ్డ గోడని చూశాను. ట్రేల మధ్య చాపలూ, గిన్నెలూ, మందుల పెట్టె చూశాను. తల్లి కాళ్ళ మీద తలపెట్టిన కొడుకుని చూశాను. ఈ పోటీలు ఇంకో వానాకాలం ఆపలేవని రాసింది నేనే.

"షెడ్డులోకి ఎండొచ్చాకే కదమ్మా?" అన్నాను.

ఆమె నా కళ్ళలోకి సూటిగా చూసింది. "అవునండీ. ఎండ ఆవిడ కాళ్ళ మీద పడింది. అప్పటిదాకా ఉన్నారు."

ఫోన్లో పురోహితుడు, "ఎండొచ్చాకా? అయితే అశ్వినేగా. ఏ దోషం లేదు, కానివ్వండి" అన్నాడు. కొడుకు తలెత్తి ఒక్కసారి ఇంటివైపు చూసి, తల్లి పాదాలు రెండూ దగ్గరికి లాక్కుని గట్టిగా ఏడ్చాడు. అప్పటిదాకా వాదించిన పెద్దమనిషి లేచి, పాడె కట్టడానికి వెదుళ్ళ కోసం మనుషుల్ని కేకేశాడు.

ఆ షెడ్డుకి మూడు పక్కలా రేకులు. తెరిచి ఉన్నది పడమటి పక్క ఒక్కటే. పొద్దుటి ఎండ అందులోకి రాదు. నాకు తెలుసు, ఆమెకి తెలుసు, అక్కడ కూర్చున్న ప్రతి మనిషికీ తెలుసు.